రేపటి మీదికా, నా మీదికా?

తాక్ గ్యూహో మొదటి రోజే ఆలస్యంగా వచ్చాడు. అదీ ఎలాంటి రోజు? వాయిదా వేయడం గురించి పాఠం చెప్పే రోజు.

ప్యో నారే బోర్డు మీద 'పుట్ ఆఫ్' అని రాసి, కింద గీత గీసి ఇటు తిరిగేసరికి తలుపు తెరుచుకుంది. ముందు గొడుగు వచ్చింది, తర్వాత నీళ్లు వచ్చాయి, ఆఖరున మనిషి వచ్చాడు. షిప్‌యార్డ్ వాళ్ల నీలం జాకెట్, జేబులో చిన్న టార్చిలైటు, ముఖాన ఎవరైనా తిడితే బాగుండునన్నట్టు ఒక చూపు.

"సారీ టీచర్ గారూ. బస్సు..."

"బస్సు టైముకే వచ్చింది. నేనూ దాన్లోనే వచ్చాను."

"అంటే, వచ్చింది. నేనే వదిలేశా. తర్వాత దాంట్లో ఎక్కుదామని."

"ఎందుకని?"

"మొదటి దాంట్లో జనం ఎక్కువున్నారు."

"రెండో దాంట్లో?"

"ఇంకా ఎక్కువున్నారు."

తరగతి నవ్వింది. నారే నవ్వలేదు. బోర్డు వైపు వేలు చూపించింది. "కూర్చోండి. మీ కోసమే ఈ పాఠం రాసినట్టున్నారు పుస్తకం వాళ్లు."

దక్షిణ కొరియాలోని గోజే దీవిలో, ఓక్పో రేవు దగ్గర, పంది మాంసం సూప్ అన్నం అమ్మే కొట్టు పైన మూడో అంతస్తులో ఉంది ఆ కోచింగ్ సెంటర్. షిప్‌యార్డ్‌లో షిఫ్టు మొదలవక ముందే పొద్దున్నే బ్యాచ్ నడుస్తుంది. ఓడలు కొనేవాళ్ల తరఫున తెల్ల ఇన్‌స్పెక్టర్లు వచ్చి వెల్డింగు అతుకుల మీద వేలు పెట్టి ఏదో అంటారు. వాళ్లేమన్నారో తెలియక తలాడించి, తర్వాత ఆ అతుకులన్నీ మళ్లీ చేయాల్సి వచ్చినవాళ్లంతా ఇక్కడ తేలతారు. కంప్యూటర్ ముందు కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష ఒకటుంది. అది పాసైతే ప్రమోషన్. పాసయ్యేదాకా ఫీజు కంపెనీదే.

సెంటర్ డైరెక్టర్ గారికి ఇంగ్లీషు రాదు, కొరియన్ మాత్రం ధారాళం. ఫీజుల ఫోన్లు, ఫిర్యాదులు, మాడిపోయిన ట్యూబులైట్లు అన్నిటినీ ఆయన "నారే టీచరైతే చక్కగా చేస్తుంది" అనే ఒక్క పొగడ్తతో ఆమె మీదికి తోసేసి గోల్ఫు ప్రాక్టీసుకి వెళ్తాడు. అంత చవగ్గా దొరికే పొగడ్తలంటే నారేకి ఒళ్లుమంట.

అంతకన్నా ఎక్కువ మంట వాయిదాలంటే. జేవన్ అని ఒకాయన ఉండేవాడు. పెళ్లి మాట ఎత్తితే 'వచ్చే వసంతం' అనేవాడు. చెర్రీ పూలు పూశాయి, రాలాయి, మళ్లీ పూశాయి. చివరికి ఒక వసంతంలో నిజంగానే పెళ్లి చేసుకున్నాడు, ఇంకెవరినో. పైగా చివరి రోజున, "తెగతెంపులంటే నాకు బాధ, ఆ మాటేదో నువ్వే చెప్పెయ్" అన్నాడు. అంటే విడిపోయే పని కూడా ఆమె నెత్తినే రుద్దాడు. అప్పటినుంచీ నారే నాలుక మీద ఊరగాయ కారం ఆరలేదు.

"సరే, ఒక్కొక్కళ్లూ ఒక వాక్యం చెప్పండి," అంది ఆ రోజు. "కొత్తగా వచ్చిన ఆలస్యం గారూ, మీరు మొదలుపెట్టండి."

గ్యూహో లేచి నిలబడ్డాడు. పక్కనే అతని మేనేజర్ మో గారు కళ్లు మూసుకుని పాఠాన్ని ధ్యానిస్తున్నారు, చిన్నగా గురకపెడుతూ.

"మై మేనేజర్... పుట్ ఓపు... ఎవ్రీ వర్క్ టు మీ."

తరగతి ఊపిరి బిగబట్టింది. మేనేజర్ గారికి మెలకువ వచ్చింది. "మేనేజర్ అన్నాడా? నా గురించేనా? ఏమన్నాడు టీచర్ గారూ?"

"మీరు తన మీద ఎంతో నమ్మకం ఉంచుతారట."

"ఆఁ, అది నిజమే," అని మళ్లీ ధ్యానంలోకి వెళ్లారాయన.

నారే గ్యూహో వైపు తిరిగింది. "రెండు తప్పులు. ఒకటి, అది ఓపు కాదు, ఆఫ్. పై పళ్లతో కింది పెదవి నొక్కి గాలి వదలండి. రెండోది అసలు తప్పు. మనకి 'మిరుదా' అని ఒక్కటే మాట. పనిని రేపటి మీదికి నెట్టినా మిరుదాయే, పక్కవాడి మీదికి నెట్టినా మిరుదాయే. ఇంగ్లీషులో అలా కుదరదు. పుట్ ఆఫ్ అంటే రేపటి మీదికి నెట్టడం మాత్రమే. అందులో పక్కవాడి నెత్తి లేదు. కొరియావాళ్లంతా చేసే తప్పే ఇది, సిగ్గుపడక్కర్లేదు. మళ్లీ చేస్తే మాత్రం పడాలి."

"మరి మనిషి మీదికి నెట్టడానికి ఇంగ్లీషులో మాట లేదా?"

"ఉంది. మీ మేనేజర్ గారు పూర్తిగా నిద్రపోయాక చెప్తాను."

గ్యూహో నవ్వాపుకోవడానికి కింది పెదవిని పళ్లతో గట్టిగా నొక్కిపట్టాడు. అనుకోకుండా 'ఫ్' అని చక్కటి శబ్దం వచ్చింది.

ఆ శబ్దం మళ్లీ రాలేదు. వానాకాలం ముదిరింది. రోజూ పెదవి కొరుక్కోవడమూ, రోజూ 'ఓపు' అనడమూనూ. ఆ ఓపు వినీ వినీ నారే ఓపిక నశించింది. అతను పరీక్షకి పేరిచ్చాడు, మార్చుకున్నాడు. మళ్లీ ఇచ్చాడు, మళ్లీ మార్చుకున్నాడు.

"ఈసారి ఏం వచ్చింది గ్యూహో గారూ? బస్సులో జనమా?"

"ప్రిపరేషన్ చాల్లేదనిపించింది."

"వాక్యాలన్నీ గడగడా చెప్తున్నారుగా?"

"మీ ముందు వస్తాయి. మిషన్ ముందు రావు."

"మిషన్ కరవదు. నేను కరుస్తాను. మీరు భయపడాల్సింది ఎవరికో కాస్త సరిచూసుకోండి."

అతను తల గోక్కున్నాడు. ఎన్ని మాటలన్నా ఈ మనిషికి రోషం రాదేమని నారేకి చికాకు. ఈ వయసులో ఇంకా అసిస్టెంట్ మేనేజర్ కుర్చీలోనే కూర్చుని, ప్రమోషన్‌ని చేతులారా తోసేసుకుంటున్న మగవాడిని చూసి జాలిపడడానికి ఆమె దగ్గర జాలి మిగల్లేదు. ఉన్నదంతా జేవన్ పట్టుకుపోయాడు.

ఒకటి మాత్రం ఆమె గమనించి కూడా గమనించనట్టు ఊరుకుంది. డైరెక్టర్ గారు నెలల తరబడి పట్టించుకోని ట్యూబులైటుని ఒక పొద్దున గ్యూహో బెంచీ ఎక్కి మార్చేశాడు. ఎవరూ అడగలేదు. ఆమె ఎండుగొంతుతో దగ్గిన మర్నాడు బల్ల మీద వేడి అల్లం టీ కనిపించింది. ఎవరూ చెప్పలేదు. తన పనులన్నీ రేపటికి నెట్టే మనిషి, ఆమెకి సంబంధించినవి మాత్రం ఆ పూటే చేసేస్తాడు. ఇలాంటివి లెక్కలోకి తీసుకుంటే మనసు మెత్తబడుతుందని ఆమె తీసుకోలేదు.

ఒకరోజు మెట్లు దిగుతుంటే వాన జోరందుకుంది. గ్యూహో గొడుగు తెరిచి, సగం తను తడుస్తూ, సగం ఆమె మీద పట్టాడు.

"టీచర్ గారూ, ఎప్పుడైనా ఒక పూట కలిసి భోంచేద్దాం."

నారే ఆగింది. "మన దేశంలో ఈ మాట అన్నవాళ్లంతా నిజంగా కలిసి తింటే ఈపాటికి బియ్యం కరువొచ్చేది. ఆ 'ఎప్పుడైనా' ఏ నెలలో వస్తుంది?"

గ్యూహో ముఖం పాలిపోయింది. అంత తిన్నగా అడుగుతుందనుకోలేదు పాపం. "వానలు... వానలు తగ్గాక?"

"అలాగే. వానలు తగ్గాక, ఆకులు రాలాక, మంచు కురిశాక."

కింద సూప్ కొట్టు పిన్ని పొగలు కక్కే గిన్నెలు సర్దుతూ ఇదంతా విన్నది. గోజేలో ఆమెని అందరూ పిన్ని అనే పిలుస్తారు. కడుపు నిండితే చుట్టరికం దానంతటదే వస్తుంది.

"ఏం నారే, వాడు పిలిచాడు కదే? వెళ్లొచ్చుగా!"

"పిలవలేదు పిన్నీ, వాతావరణ సూచన చెప్పాడు."

"ఎప్పుడో తిందాం అనేవాళ్లని నమ్ముకుంటే నా కొట్టు ఏనాడో మూతపడేది," అంది పిన్ని. గ్యూహో చెవులు ఎర్రబడ్డాయి.

ఆ వారాంతంలో మాక్ ఇంటర్వ్యూలు పెట్టింది నారే. ఒక్కొక్కరే గదిలోకి రావాలి. బెల్లు మోగేదాకా కొరియన్ ముక్క వినపడకూడదు. గ్యూహో వంతు వచ్చింది. అతను జాకెట్ బొత్తాలు అన్నీ పెట్టుకుని వచ్చాడు, ఉరికంబం ఎక్కబోతున్నవాడిలా.

ఈమధ్య మీరు పుట్ ఆఫ్ చేసినదాని గురించి చెప్పండని ఇంగ్లీషులో అడిగింది నారే.

అతను గోడ వైపు చూశాడు. కొత్త ట్యూబులైటు వైపు చూశాడు. తర్వాత, మొదటిసారి, తిన్నగా ఆమె కళ్లలోకి చూశాడు.

"ఐ పుట్ ఓపు... కన్ఫెషన్... టు టీచర్."

కన్ఫెషన్. అంటే, ప్రేమిస్తున్నానని నోరు తెరిచి చెప్పడం. ఆ మాట నారే గుండెలోకి దిగేలోపే, దాని తోక ఆమె చెవిలో గుచ్చుకుంది. టు టీచర్. వర్క్ టు మీ అని మొదటి రోజు అన్నాడే, అచ్చం అలాంటి వాక్యం. మేనేజర్ పనిని నా మీదికి నెట్టాడు. నేను ప్రేమ మాటని టీచర్ మీదికి నెట్టాను!

బెల్లు మోగలేదు. అయినా నారే కొరియన్‌లోకి దిగిపోయింది.

"అంటే, అది కూడా నా నెత్తినే రుద్దారా?"

"టీచర్ గారూ..."

"మొదట నేనే నోరు తెరవాలా? మీరు పక్కన గొడుగు పట్టుకుని నిలబడతారు, భారమంతా నేను మొయ్యాలి. డైరెక్టర్ గారు ట్యూబులైట్లు రుద్దుతాడు, ఇంకొకడు తెగతెంపులు రుద్దాడు. మీరు ఇంకో మెట్టెక్కారు. ప్రేమే రుద్దుతున్నారు! నెట్టానని ముఖం మీదే చెప్పడానికి సిగ్గుగా లేదూ?"

గ్యూహో తలవంచుకున్నాడు. "నెట్టాను. నిజమే. ఇన్నాళ్లూ నెట్టుకుంటూ వచ్చాను. తప్పు నాదే."

"ఒప్పుకున్నారు కాబట్టి సంతోషం."

"ఇక నెట్టను టీచర్ గారూ."

"నన్నొదిలి, నెట్టడానికి ఇంకెవరినైనా చూసుకోండి."

ఆఖరి మాట అతనికి అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేదు. వంగి నమస్కరించి వెళ్లిపోయాడు. గొడుగు మర్చిపోయాడు. వానలో తడుస్తూ రోడ్డు దాటుతున్న నీలం జాకెట్‌ని కిటికీలోంచి చూసి, "తడవనీ," అనుకుంది నారే. ఇది కూడా గమనించదగ్గ విషయం: గిట్టనివాళ్లు తడుస్తుంటే ఎవరూ కిటికీ దగ్గర అంతసేపు నిలబడరు.

సోమవారం గ్యూహో రాలేదు. బుసాన్ నగరంలో ఆదివారం పరీక్షకి పేరిచ్చాననీ, ఇక తరగతికి రాననీ, ఇన్నాళ్లూ విసిగించినందుకు క్షమించమనీ ఫోన్లో రెండు ముక్కలు పంపాడు. వాక్యాల్లో తప్పులు లేవు. అదే ఆమెకి మరీ కోపం తెప్పించింది.

పీడ విరగడైందని నారే బోర్డు తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

శుక్రవారం రివిజన్. మేనేజర్ మో గారు ఆ రోజు ధ్యానంలో లేరు. కళ్ల కింద నల్లటి చారలు, ముందర కాగితాల కట్ట. పుట్ ఆఫ్‌తో వాక్యం అనగానే అందరికన్నా ముందు చెయ్యెత్తారు.

"తాక్ గ్యూహో పుట్ ఓపు ఎవ్రీ వర్క్ టు మీ!"

"ఏమైంది సార్?"

"ఏమవుతుంది! వారం నుంచీ పంపుల రిపోర్టులన్నీ తెచ్చి నా బల్ల మీదే పెడుతున్నాడు. ఇవి మీవి సార్, అంటాడు. అంత నమ్మకంగా ఇచ్చిన పనుల్ని తిరిగిచ్చేస్తాడా? కుర్రాడు చెడిపోయాడమ్మా."

నారే ఆలోచించకుండా అలవాటైన పాట అందుకుంది. "సార్, ఇది కొరియావాళ్ల తప్పు. పుట్ ఆఫ్‌లో పక్కవాడి నెత్తి లేదు. మీరు టు అని ఎవరి పేరు తగిలించినా అది మనిషి మీదికి నెట్టడం అవదు. నెట్టేది రేపటి..."

మార్కర్ గాలిలో ఆగిపోయింది.

కన్ఫెషన్ టు టీచర్. టీచర్‌కి చెప్పాల్సిన ప్రేమ మాట. దాన్ని రేపటి మీదికి నెడుతూ వచ్చాను.

ఆమె నేర్పిన పాఠం అతనికి వచ్చింది. ఆమెకే రాలేదు. కొరియావాళ్లంతా చేసే తప్పుని, బోర్డు ముందు నిలబడి అందరికీ వడ్డించే తప్పుని, తన చెవితోనే చేసింది. మళ్లీ చేస్తే సిగ్గుపడాలని కూడా తనే అంది.

"రేపటి... ఏంటి టీచర్ గారూ?" మేనేజర్ గారు పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

"రేపటి మీదికి," అంది నారే నీరసంగా.

"ఈ రూలు వాడికి ముందే తెలుసా? అందుకేనా పరీక్షని అన్నిసార్లు రేపటి మీదికి నెట్టాడు? పాసైతే కంపెనీ ఈ క్లాసు మాన్పించేస్తుందిగా. వెధవకి ఇంగ్లీషంటే అంత ఇష్టమని నేననుకోలేదు."

"ఇంగ్లీషంటేనా సార్?" అని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు. మేనేజర్ గారు తప్ప తరగతంతా నవ్వింది. నారే ముఖం మిరప్పొడిలో ముంచిన కిమ్చీ ఊరగాయలా అయింది.

ఆదివారం బుసాన్‌లో వాన. చెప్పులు కొనుక్కోవాలి కాబట్టి బస్సెక్కానని నారే తనకి తాను నచ్చజెప్పుకుంది. చెప్పుల కొట్లు లేని వీధిలో, పరీక్ష సెంటర్ ఎదురుగా, గ్యూహో మర్చిపోయిన గొడుగు పట్టుకుని నిలబడింది. జనం గుంపుగా బయటికి వచ్చారు. అందరి వెనక, అలవాటు ప్రకారం, అతను.

ఆమెని చూసి మెట్టు మీదే బిగుసుకుపోయాడు. "టీచర్ గారు! ఇక్కడ?"

"గొడుగు ఇచ్చిపోదామని."

"దానికోసం గోజే నుంచి వచ్చారా?"

"నా పనులు నేను రేపటికి నెట్టను. పరీక్ష ఎలా రాశారు?"

"నాశనం. ఈమధ్య వాయిదా వేసినదాని గురించి చెప్పమంది మిషన్. మీ గురించి చెప్పడం మొదలుపెట్టాను. టైము అయిపోయిందని అదే నోరు మూయించింది. కానీ తిట్టలేదు."

"మిషన్‌కి చెప్పడానికి భయం వేయలేదా?"

"లేదు. భయపడాల్సింది ఎవరికో మీరేగా నేర్పించారు."

నారే గొడుగు పిడిని గట్టిగా పట్టుకుంది. ఎన్నో ఏళ్లుగా ఇతరుల చేత పలికించిన 'తప్పు నాదే' అన్న మాటని తను పలకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. "ఆ రోజు... నేను తప్పు విన్నాను. మీ వాక్యం సరైనదే. మీరు దాన్ని నా మీదికి నెట్టారనుకున్నాను."

గ్యూహో ముఖంలో నెమ్మదిగా వెలుగు పాకింది. "మీ మీదికా? అంటే, మీరు కొరియావాళ్ల తప్పు చేశారా? మా మేనేజర్ గారు చేసే తప్పు?"

"నవ్వారంటే ఇక్కణ్ణుంచే వెళ్లిపోతాను."

అతను పళ్లతో కింది పెదవి నొక్కి పట్టాడు. 'ఫ్' అని గాలి తన్నుకొచ్చింది.

"ఇప్పుడొస్తోందా ఆ శబ్దం!" అంది నారే. ఇద్దరూ ఒకేసారి నవ్వేశారు. నవ్వు సద్దుమణిగాక అతను ఒక మెట్టు దిగాడు.

"మరి మీరు తిట్టింది ఆలస్యం చేసినందుకు కాదా? నేనంటే గిట్టక కాదా?"

"ఆలస్యానికి వేరే తిట్లున్నాయి. బస్సులో తిడతాను. కానీ ముందు ఆ వాక్యం పూర్తిచేయండి. కొరియన్‌లో. నా మీదికి నెట్టకుండా."

గ్యూహో వానలోకి దిగాడు. ఉద్యోగంలో చేరినప్పుడు కూడా నిలబడనంత నిటారుగా గొడుగు అంచు దగ్గర నిలబడి, "మీరంటే నాకిష్టం నారే గారూ. మొదటి రోజు రెండో బస్సు దిగిన దగ్గర్నుంచీ," అన్నాడు.

'టీచర్' అనలేదు. ఆమె విన్నది. ఈసారి తప్పుగా వినలేదు.

"లోపలికి రండి, తడుస్తున్నారు," అంది. వాళ్ల మధ్య అంతకన్నా స్పష్టమైన జవాబు అక్కర్లేకపోయింది.

గోజేకి తిరిగి వచ్చేసరికి పిన్ని కొట్టులో మధ్యాహ్నం జనం పలచబడ్డారు. ఒకే గొడుగు కింద వచ్చిన ఇద్దరినీ ఆమె కింది నుంచి పైదాకా చూసింది.

"వానలు ఇంకా తగ్గలేదే?" అంది.

"తగ్గలేదు పిన్నీ," అంది నారే. "ఆకలేసింది."

పిన్ని అడగకుండానే రెండు గిన్నెల సూప్ అన్నం, మామూలుగా ఇచ్చేదానికి రెట్టింపు ముల్లంగి కిమ్చీ తెచ్చి పెట్టి, గ్యూహో భుజం మీద ఛెళ్లున ఒకటి చరిచింది. వాళ్ల తరఫు పెద్దలు తర్వాత ఎప్పుడో ఇచ్చిన దీవెనలు కూడా ఇంత గట్టిగా తగల్లేదు.

గ్యూహో చెంచా తీసుకున్నాడు. ఆనందంలో ఇంగ్లీషు తన్నుకొచ్చింది.

"నారే గారూ, ఫ్రమ్ టుడే, వి డోంట్ పుట్ ఓపు టు ఈట్!"

ఓపు ఒక తప్పు. టు ఈట్ ఇంకో తప్పు, ఈటింగ్ అనాలి. పెదవి కొరకనే లేదు. నారే చెంచా పైకెత్తి, రెండు తప్పులూ దిద్దుదామని నోరు తెరిచింది.

సూప్ చల్లారిపోతోందని, ఆ నోట్లో అన్నం పెట్టుకుంది.